వీడియోలు చూస్తోంది... మార్కులు రావట్లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. ఆన్‌లైన్‌లో ఏదో పరీక్ష రాస్తే 'నువ్వు చూసి నేర్చుకునే రకం' అని వచ్చిందట. అప్పటి నుంచి వీడియోలే, పుస్తకం ముట్టదు. వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గుతున్నాయి. గట్టిగా అడిగితే 'నా పద్ధతి ఇంతే' అని ఏడుస్తోంది. - ఓ తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయిది బద్ధకం కాదు. ఆ పరీక్ష చెప్పింది తనకు ఏది ఇష్టమో మాత్రమే. ఇష్టమైన పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందన్న నమ్మకంపై 2008లో పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలను జల్లెడ పట్టారు. సరైన ఆధారం దొరకలేదు.

వీడియోలో బొమ్మ కళ్లముందే ఉంటుంది కాబట్టి అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. పరీక్షలో అదే బొమ్మను తనే గుర్తు తెచ్చుకోవాలి. ఇంట్లో ఆ సాధన జరగడం లేదు. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. విచిత్రమేమిటంటే, 5 నిమిషాలకే పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. మీ అమ్మాయి మోసపోతున్నది ఇక్కడే.

వీడియోలు మాన్పించకండి. కణవిభజన పాఠమే తీసుకోండి. 10 నిమిషాలు చూశాక ఫోన్ వంటింట్లో పెట్టేసి, పుస్తకం మూసి, 15 నిమిషాల్లో నాలుగు దశల బొమ్మలూ గీసి ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు రాయమనండి. తర్వాతే పుస్తకం తెరిచి ఎర్రపెన్నుతో దిద్దుకోవాలి. క్రోమోజోములు మధ్యకు చేరేది మధ్యదశలో, క్రోమాటిడ్లు విడిపోయేది చలనదశలో. ఇవి తారుమారైతే ఆ తప్పు వేరే నోట్సులోకి ఎక్కాలి. మర్నాడు, మూడోరోజు, వారానికి మళ్లీ చూడకుండా గీయాలి. ఫిజిక్స్ లెక్కలకైతే జవాబు మీద కాగితం కప్పి చేయాలి.

మొదటి వారం సగం కూడా గుర్తురాకపోవచ్చు. 'నాకిది పడదు' అని చాలామంది పిల్లలు వదిలేసేది అప్పుడే. ఆ రోజుల్లో మార్కుల ఊసెత్తకండి. 'ఇవాళ ఎర్రపెన్ను ఎక్కడ పడిందిరా, నాకు చెప్పు' అని పక్కన కూర్చోండి. మీకు సబ్జెక్టు తెలియక్కర్లేదు. చెబుతూ తను తడబడిన చోటే మళ్లీ చదవాల్సిన చోటు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి: రాత్రి ఎన్నింటిదాకా ఫోన్ చూస్తోందో గమనించండి. నిద్ర చాలకపోతే పైన చెప్పినవేవీ నిలవవు. పదిన్నరకల్లా ఫోన్ మీ గదిలో చార్జింగ్‌కి పెట్టించండి, మీదీ దాని పక్కనే.