వాటాదారుల ఓటు గురించి అడిగే బీకాం అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆదివారం పొద్దున నలుగురు స్నేహితులం మా ఇంట్లో కూర్చుని షేర్ల గురించి మాట్లాడుకుంటాం. కంపెనీ లాభాన్ని వాటాదారులకు డివిడెండ్‌గా పంచితే మంచిదా, బైబ్యాక్ చేస్తే (తన షేర్లు తానే కొంటే) మంచిదా, ప్రమోటర్ (కంపెనీని పెట్టి నడిపించే యజమాని) చేతిలో 70 శాతం ఉంటే మన మాట వినేదెవరు అని ఎప్పుడూ వాదనే. మా అమ్మాయి బీకాం ఫైనలియర్. పక్కనే కూర్చుని అంతా వింటుంది. మొన్న "ఇంత వాదించుకుంటున్నారు కదా నాన్నా, మీలో ఎవరైనా ఏజీఎంలో ఓటు వేశారా?" అని అడిగింది. కంపెనీ ఏటా జరిపే ఆ వాటాదారుల సమావేశంలో ఎవరమూ వేయలేదు. ఇప్పుడు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమంటే వద్దంటోంది, షేర్ల రంగంలోకే వెళ్తానంటోంది. ట్రేడింగ్‌లో దిగి డబ్బు పోగొట్టుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఆమెకు ఏం చెప్పమంటారు?
— ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. ట్రేడింగ్ మోజులో ఉన్న పిల్లలు విజయవాడలో నా దగ్గరకు తరచూ వస్తుంటారు. చార్టులు, ఆప్షన్లు, నెలకెంత మిగులుతుంది, వాళ్ల మాటలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. మీ అమ్మాయి నోట ఆ మాటలేవీ రాలేదు. ఆమె అడిగింది ఓటు గురించి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేర్ల రేపటి ధర మీద చేసుకునే ఒప్పందాల్లో) దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ లెక్క ఒకసారి ఆమెకు చూపించండి, చాలు. ఆ భయంతో రంగం మొత్తానికే తలుపు వేసేయకండి.

కంపెనీ డబ్బు ఎవరికి, ఎంత, ఏ రూపంలో ఇవ్వాలో తేల్చేది ఎవరు? మీ ఆదివారం వాదనలో ఆమె పట్టుకున్నది ఈ ప్రశ్న. దీని మీదే నడిచే ఉద్యోగాలున్నాయి. వాటి గురించి చెప్పే ముందు మీ వాదనలోకి కాస్త దిగుతాను, ఎందుకంటే ఆ ఉద్యోగాల్లో రోజూ చేసే పని అదే.

డివిడెండ్ అయితే షేరుకింత అని అందరికీ ఒకటే రేటు. వంద షేర్లున్న మీకూ, కోట్ల షేర్లున్న ప్రమోటర్‌కూ తేడా లేదు. కాకపోతే ఎంత ఇవ్వాలో సిఫారసు చేసేది బోర్డు. సాధారణంగా కంపెనీల నియమావళి ప్రకారం వాటాదారులు దాన్ని ఆమోదించగలరు గానీ, బోర్డు చెప్పినదానికంటే పెంచలేరు. ఏజీఎంలో ఎవరైనా లేచి ఇంకో రెండు రూపాయలు ఇవ్వమంటే అది అడగడం వరకే.

బైబ్యాక్‌లో కంపెనీ తన షేర్లు తానే కొని రద్దు చేస్తుంది. వాటాదారులు చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వులు (పంచడానికి వీలున్న పాత లాభాల నిల్వ) కలిపిన మొత్తంలో 25 శాతం మించకూడదని 2013 కంపెనీల చట్టం 68వ సెక్షన్ చెబుతుంది. 10 శాతం వరకు బోర్డు తీర్మానం సరిపోతుంది. అది దాటితే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలంగా పడాలి. టెండర్ పద్ధతిలో, అంటే ఒక ధర ప్రకటించి వాటాదారులందరినీ షేర్లు ఇమ్మని అడిగి చేస్తే, రికార్డ్ డేట్ (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో లెక్కలోకి తీసుకునే రోజు) నాటికి 2 లక్షల రూపాయల విలువ మించని షేర్లున్న చిన్న వాటాదారులకు, కొనే షేర్లలో 15 శాతం రిజర్వు చేయాలి.

ఇక్కడే మీ అమ్మాయి చేత కాగితం మీద ఒక లెక్క చేయించండి. కంపెనీకి 100 షేర్లున్నాయి, ప్రమోటర్ దగ్గర 60. కంపెనీ 10 షేర్లు కొంది, ప్రమోటర్ ఒక్కటీ ఇవ్వలేదు. ఇప్పుడు 90లో 60, అంటే 66.67 శాతం. జేబులోంచి రూపాయి తీయకుండా ప్రమోటర్ పట్టు పెరిగింది. అందుకే బైబ్యాక్ వార్త రాగానే మొదట చూడాల్సింది ప్రమోటర్ తన షేర్లు ఇస్తున్నాడా లేదా అని. 2017లో టీసీఎస్ 16,000 కోట్ల రూపాయల బైబ్యాక్ చేసినప్పుడు దాని ప్రమోటర్ టాటా సన్స్ కూడా షేర్లు ఇచ్చి డబ్బు తీసుకుంది. 2025లో ఇన్ఫోసిస్ షేరుకు 1,800 చొప్పున 18,000 కోట్ల బైబ్యాక్ ప్రకటిస్తే ప్రమోటర్లు పాల్గొనబోమని చెప్పారు. ఒకచోట డబ్బు పెద్ద వాటాదారుకూ వెళ్లింది, ఇంకోచోట మిగతావాళ్లకే వెళ్లి ప్రమోటర్ల శాతం కాస్త పెరిగింది. రెండూ చట్టబద్ధమే. ఏది మంచిదని గుడ్డిగా తేల్చేస్తే మీ వాదన ఎప్పటికీ తెగదు. కంపెనీ దగ్గర పనికిరాకుండా ఎంత నగదు పడి ఉంది, షేరు ఏ రేటుకు కొంటున్నారు, ఎవరు ఇస్తున్నారు అని చూస్తే చాలావరకు తెగుతుంది.

పన్ను దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను తీసుకున్నవాళ్ల స్లాబు ప్రకారం పడుతోంది, అంతకుముందు కంపెనీ కట్టేది. లిస్టెడ్ కంపెనీల (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైనవాటి) బైబ్యాక్ మీద 2019 జులై నుంచి కంపెనీయే కట్టేది. 2024 అక్టోబరు 1 నుంచి ఆ డబ్బును కూడా డివిడెండ్‌లాగే చూసి వాటాదారుల మీదకు మళ్లించారు. 2026 బడ్జెట్ దాన్ని మూలధన లాభంగా (షేరు అమ్మితే వచ్చే లాభంగా) చూడాలని, ప్రమోటర్ల మీద మాత్రం అదనపు పన్ను వేయాలని ప్రతిపాదించింది. పాత రూలు పట్టుకుని వాదించుకుంటున్న గుంపులో, ఈ ఏడాది ఏ రూలు నడుస్తోందో చెప్పగలిగే మనిషికి ఉన్న విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు.

గుంటూరు పిల్ల కాబట్టి ఐటీసీతో మొదలుపెట్టమనండి. ఆకు పొగాకు విభాగం ప్రధాన కార్యాలయం మీ ఊళ్లోనే ఉంది కదా. ఐటీసీకి ప్రమోటర్ అంటూ ఎవరూ లేరు, కానీ బ్రిటిష్ అమెరికన్ టొబాకో అనే పెద్ద వాటాదారు ఉంది. 2024 మార్చిలో అది ఐటీసీలో 3.5 శాతం వాటా అమ్మి, ఆ డబ్బుతో లండన్‌లో తన సొంత షేర్ల బైబ్యాక్ చేపట్టింది. ప్రమోటర్ కాని పెద్ద వాటాదారు ఎలా నడుచుకుంటాడు, అతను అమ్మితే చిన్నవాళ్లకు ఏమవుతుంది అన్నది ఈ ఒక్క సంగతి పట్టుకుని నెలరోజులు చదువుకోవచ్చు.

ఇక మన ఓటుకు విలువేముందన్న మీ మాట. కొన్నిచోట్ల నిజంగానే తక్కువ, అది ఒప్పుకోవాలి. లిస్టెడ్ కంపెనీలో పబ్లిక్ వాటా కనీసం 25 శాతం ఉండాలన్నది రూలు, అంటే ప్రమోటర్ 75 శాతం దాకా పెట్టుకోవచ్చు. ఆ స్థాయిలో ఉంటే మామూలు తీర్మానాలు అతను అనుకున్నట్టే సాగుతాయి. అయితే సంబంధిత పార్టీల లావాదేవీల్లో, అంటే కంపెనీకీ ప్రమోటర్ కుటుంబానికీ మధ్య జరిగే పెద్ద బేరాల్లో, వాళ్ల ఓట్లతో తీర్మానం గట్టెక్కదు. 2017లో రేమండ్ కంపెనీ ముంబైలోని జేకే హౌస్‌లో ఫ్లాట్లను ప్రమోటర్ కుటుంబ సభ్యులకు మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకు ఇవ్వాలని తీర్మానం పెడితే, మిగతా వాటాదారులు 97 శాతానికి పైగా ఓట్లతో తిప్పికొట్టారు. ఆ ప్రతిపాదనలోని లోపాన్ని ఓటింగ్‌కు ముందే ఎత్తిచూపింది ఐఐఏఎస్ అనే ప్రాక్సీ సలహా సంస్థ, అంటే తీర్మానాలను పరిశీలించి ఎలా ఓటేయాలో వాటాదారులకు చెప్పే సంస్థ. 2021లో ఐషర్ మోటార్స్ ఎండీ జీతం, పునర్నియామకం తీర్మానం, ప్రత్యేక తీర్మానానికి కావాల్సిన 75 శాతం అందుకోలేక వీగిపోయింది. మన తెలుగువాళ్లకైతే సత్యం గుర్తుండే ఉంటుంది. 2008 డిసెంబరులో ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించిన కొన్ని గంటల్లోనే ఇన్వెస్టర్ల వ్యతిరేకతకు వెనక్కి తగ్గారు, తర్వాతి నెల 7న అసలు మోసం బయటపడింది.

మీ అమ్మాయికి ఒక కాగితం తప్పకుండా చూపించండి. ఏజీఎం అయిన రెండు పనిదినాల్లో కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపే ఓటింగ్ ఫలితాల పట్టిక అది. ప్రతి తీర్మానానికీ మూడు వర్గాలుంటాయి: ప్రమోటర్లు, పబ్లిక్‌లో సంస్థలు, పబ్లిక్‌లో సంస్థలు కానివాళ్లు. మీరు, మీ స్నేహితులు ఉండేది మూడో వర్గంలో. అక్కడ ఉన్న షేర్లెన్ని, పోలైన ఓట్లెన్ని, అది ఎంత శాతం అని వరుసగా అంకెలుంటాయి. ప్రమోటర్ల శాతం సాధారణంగా వందకు దగ్గరగా ఉంటుంది. మూడో వర్గంలో అది చాలా కంపెనీల్లో ఎంత చిన్నదో చూస్తే మీ అమ్మాయి ప్రశ్న ఎంత సూటిగా తగిలిందో తెలుస్తుంది.

ఇప్పుడు చదువు మాట. నా సలహా కంపెనీ సెక్రటరీ కోర్సు, అదే సీఎస్. బోర్డు మీటింగులు, నోటీసులు, తీర్మానాలు, డివిడెండ్, బైబ్యాక్ కాగితాలు, ఎక్స్ఛేంజీకి పంపే సమాచారం అన్నీ కంపెనీ సెక్రటరీ చేతి మీదుగా వెళ్తాయి. ప్రతి లిస్టెడ్ కంపెనీ అర్హత ఉన్న కంపెనీ సెక్రటరీని పెట్టుకోవాలన్నది చట్టం. డిగ్రీలో 50 శాతం మార్కులుంటే ప్రవేశ పరీక్ష లేకుండా నేరుగా ఎగ్జిక్యూటివ్ దశలో చేరవచ్చు, తర్వాత ప్రొఫెషనల్ దశ, మధ్యలో 21 నెలల ట్రైనింగ్. ఈ కోర్సు నడిపే ఐసీఎస్ఐ సంస్థ చాప్టర్ (స్థానిక శాఖ) విజయవాడలో ఉంది. ట్రైనింగ్ ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్న సీఎస్‌ల దగ్గరా దొరుకుతుంది గానీ, లిస్టెడ్ కంపెనీల పని నేర్చుకోవాలంటే హైదరాబాద్ వెళ్లడమే మంచిది. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కేసుకోండి.

రెండో దారి రీసెర్చ్, అంటే కంపెనీలను పరిశీలించి నివేదికలు రాసే పని. డిగ్రీ అయ్యాక, సెబీ ఏర్పాటు చేసిన ఎన్ఐఎస్ఎం సంస్థ పెట్టే రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష రాయవచ్చు, అది సిరీస్ 15. ఆ సర్టిఫికెట్ తలుపు తీస్తుందంతే, దానితోనే ఉద్యోగం రాదు. ప్రాక్సీ సలహా సంస్థలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. అయితే మ్యూచువల్ ఫండ్లు తమ దగ్గరున్న షేర్లకు అన్ని తీర్మానాల్లో ఓటు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి సెబీ తప్పనిసరి చేసింది. ఏ తీర్మానానికి ఎందుకు ఓటేశారో కారణం కూడా చెప్పాలి. ఆ కారణాలు రాసే పని ముంబైలో ఉంది, దానికి సీఎస్ గానీ సీఏ గానీ చేతిలో ఉంటే మాట చెల్లుతుంది. అందుకే సీఎస్ ముందు, ఎన్ఐఎస్ఎం దాని పక్కన అంటున్నాను. సీఎఫ్ఏ అనే అంతర్జాతీయ ఫైనాన్స్ కోర్సు గురించి ఎవరైనా చెబితే తొందరపడకండి, ఫీజు డాలర్లలో కట్టాలి, మూడు లెవెల్స్ దాటాలి. ఉద్యోగంలో చేరాక ఆలోచించవచ్చు.

ఫీజు కట్టే ముందు ఒక పరీక్ష పెట్టండి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఏజీఎంల కాలం. మీ దగ్గరున్న ప్రతి కంపెనీ నోటీసూ మీ మెయిల్‌కు వస్తుంది. వాటిలో ఐదారు ఆమెకు ఇవ్వండి. ఒక్కో తీర్మానానికీ అనుకూలమా, వ్యతిరేకమా, ఎందుకు అని అరపేజీ రాసి, వచ్చే ఆదివారం మీ నలుగురి ముందు చదవమనండి. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది, మీటింగ్ ముందు రోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. షేర్లుండే డీమ్యాట్ ఖాతా మీది కాబట్టి ఓటు మీరే వేయాలి. నోటీసు చివర సన్న అక్షరాల్లో ఉండే వివరణ పత్రాన్ని ఆమె విసుగు లేకుండా చదివిందంటే నిశ్చింతగా సీఎస్‌లో చేర్చండి. రెండు నోటీసులకే పక్కన పెట్టేస్తే, మీరనే బ్యాంకు కోచింగ్ గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

బ్యాంకు పరీక్షలంటున్నారంటే మీ మనసులో ఉన్నది భద్రమైన ఉద్యోగమని అర్థమవుతోంది. అందులో తప్పేమీ లేదు. సీఎస్ పాసైనవాళ్లు సెబీ గ్రేడ్ ఏ ఆఫీసర్ పోస్టుల్లో జనరల్ విభాగానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వయసు 30 దాటకూడదు. పోటీ చాలా ఎక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ముందే తెలియదు. అందుకే దాన్ని రెండో ప్లాన్‌గా ఉంచుకోమనండి. ముందు ఫైనలియర్ మార్కులు 50 శాతం తగ్గకుండా చూసుకోవాలి.