నల్ల చిట్కా కాదు, నల్లకొన సొర

సందేహం: మా అబ్బాయి లక్షద్వీప్‌లో డైవింగ్‌కు వెళ్లి, 'బ్లాక్‌టిప్ రీఫ్ షార్క్‌ని ఎదుర్కొన్నా' అని మెసేజ్ పెట్టాడు. ఫోన్లో తెలుగు చేసి చూస్తే 'నల్ల చిట్కా' అని వచ్చింది. మా ఆయన షార్క్ అంటే తిమింగలం అంటారు, అత్తగారు సొరచేప అంటారు. ఏది సరి? సొరకాయకూ దానికీ సంబంధం ఉందా? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అత్తగారిదే గెలుపు. బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టే ఇళ్లలో ఈ మాటకు నిఘంటువు అక్కర్లేదు. తిమింగలం అసలు చేపే కాదు, పిల్లకు పాలిచ్చే జంతువు.

కాయకూ చేపకూ చుట్టరికం లేదమ్మా. మన చిత్తూరు, తిరుపతి వైపు తమిళం వచ్చిన పొరుగువాళ్లకు కరువు లేదు కదా, రెండు మాటలూ రాయించి చూడండి. కాయ 'సురై', చేప 'సుఱా'. కాయకు మామూలు ర, చేపకు బండి ఱ. తెలుగులోనూ చేప 'సొఱ'యే. బండి ఱ వాడుకలోంచి జారిపోయాక రెండూ ఒక్కలాగే కనబడుతున్నాయి.

టిప్ అనగానే ఫోన్‌కు వంటింటి చిట్కా గుర్తొచ్చినట్టుంది. ఇక్కడ కావలసింది కొన, కొనగోరులో ఉన్న కొన. ఈ సొర వీపు మీది రెక్క చివర సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు నల్లగా ఉంటుంది, ఆ నలుపు కిందే లేత రంగు పట్టీ. అదే ఆనవాలు. కొన తెల్లగా ఉండి, పగలంతా రాతి గుహల్లో అడుగున పడుకునేది వేరే జాతి. శాస్త్రనామంలోని 'మెలనోప్టెరస్' అంటే గ్రీకులో నల్లరెక్కలది అని. మన పాఠ్యపుస్తకాలు చేప రెక్కను 'వాజం' అంటాయి. గ్రీకు పేరుకే రెక్క సరిపోయినప్పుడు మనకెందుకు సరిపోదు? నల్లకొన సొర అనండి. రీఫ్ అంటే పగడపు దిబ్బ. దాన్నీ ముందు తగిలిస్తే పేరు కొండవీటి చేంతాడవుతుంది.

అబ్బాయి వాక్యంలో నేను దిద్దేది 'ఎదుర్కొన్నా' ఒక్కటే. కష్టాన్ని ఎదుర్కొంటాం, శత్రువును ఎదుర్కొంటాం. ఇది మీటరున్నర చేప, మనిషి కనిపిస్తే సాధారణంగా తనే పక్కకు తప్పుకుంటుంది. 'ఎదురుపడింది' అంటే చాలు. అన్నట్టు, ఎదుర్కోవడానికి ముందుకెళ్లి స్వాగతం పలకడం అనే అర్థమూ ఉంది, పెళ్లిలో ఎదుర్కోలు అదే. మీవాడు పానకం బిందెతో నీళ్లలోకి దిగి ఉంటే తప్ప అదీ ఇక్కడ కుదరదు.