గోడ చాటుకు వెళ్లిన వస్తువు ఎక్కడ బయటపడుతుందో మనకు ముందే ఎలా తెలుస్తుంది?

కదిలే వస్తువు మరుగయ్యే ముందు దాని వేగాన్ని, దిశను మెదడు పట్టి ఉంచుకొని, వాటిని బట్టి అది ఎప్పుడు, ఎక్కడ మళ్లీ కనబడుతుందో అంచనా వేస్తుంది. ఇది చాటున పడ్డ వస్తువుల కోసమే ఏర్పడిన ప్రత్యేక శక్తి కాదు. కంట పడిన దృశ్యం మెదడులో రూపు కట్టడానికి సుమారు 100 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, ఎదుట కనబడుతున్న వస్తువు విషయంలోనూ మెదడు కాస్త ముందుకు లెక్క వేసుకోక తప్పదు.

ఉదాహరణకు, గోడ వెనక్కి దొర్లిపోయే బంతిని తీసుకోండి. అది కనబడుతున్నంతసేపు కళ్లు దానితోపాటే నిలకడగా జరుగుతాయి. మరుగైన సుమారు 200 మిల్లీసెకన్లకు ఆ కదలిక మందగించడం మొదలవుతుంది, ఆపైన చూపు తరచుగా ఒక్క గెంతులో గోడ అవతలి అంచుకు చేరి, బంతి కోసం అక్కడ కాచుకుంటుంది. కొద్ది నెలల పసిపిల్లల్లోనే ఈ నేర్పు మొదలవడం విశేషం.

కనబడని వస్తువును కూడా కళ్లు అదే వేగంతో వెంబడిస్తూనే ఉంటాయని చాలామంది అనుకుంటారు, కానీ అది నిజం కాదు. పైగా మెదడు వేసే లెక్క ఎక్కువగా వేగం మారదన్న ఊహ మీదే నడుస్తుంది. అందువల్ల బంతి గోడ చాటున వేగం పుంజుకుంటే పెద్దవారి అంచనా సైతం తప్పుతుంది. కిందికి పడే వస్తువుల విషయంలో మాత్రం, భూమ్యాకర్షణ అలవాటైన మెదడు మెరుగ్గానే ఊహిస్తుంది.