పసిబిడ్డ ఉచ్చగుడ్డలు నల్లబడతా ఉండాయి, ఏం జబ్బు?
కడప నుంచి అడిగినారు కదా, గుడ్డ ఆరేలోపే నల్లమరకలు పడతాండాయని, అది ఆల్కాప్టోన్యూరియా అయ్యుండొచ్చు, చానా అరుదు. పప్పు, గుడ్లు, పాలల్లో ఉండే ప్రోటీన్ అరిగేటప్పుడు మధ్యలో హోమోజెంటిసిక్ యాసిడ్ అని ఒకటి తయారైతాది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ వీళ్లకి పనిచేయదు, అందుకే అది ఉచ్చలో పోయి గాలి తగలంగానే నల్లబడతాది, సబ్బు పడితే ఇంకా తొందరగా.

అమ్మానాయన ఇద్దరి దగ్గర్నుంచీ చెడిన జీన్ వస్తేనే ఈ జబ్బు, మన సీమలో మేనరికాలు ఎక్కువ కదా, దగ్గర సంబంధాల్లో ఇద్దరికీ అదే చెడిన జీన్ ఉండే అవకాశం ఎక్కువ, 1902లోనే గారడ్ అనే ఇంగ్లీష్ డాక్టర్ ఈ జబ్బుకీ దగ్గర సంబంధాలకీ ఉండే ఈ లింకు పట్టినాడు. చిన్నప్పుడు పెద్ద ఇబ్బందేం ఉండదు, 30 దాటినాకే నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. ఒకసారి పిల్లల డాక్టర్‌కి ఆ గుడ్డ కూడా చూపించి ఉచ్చ టెస్ట్ చేయించండి.