అడవిని కాపాడే రైతుకు డబ్బు ఇస్తారా?

ప్రశ్న: సొంత భూమిలోని చెట్లను నరకకుండా ఉంచుకున్నందుకు కోస్టారికాలో ప్రభుత్వమే రైతుకు డబ్బు చెల్లిస్తుందని విన్నాను. అది నిజమేనా? ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమేనండీ. పశువుల మేత బీళ్ల కోసం దశాబ్దాల పాటు అడవిని నరికివేసిన ఆ దేశం, 1996లో తెచ్చిన అటవీ చట్టం ద్వారా, కర్బనాన్ని పట్టి ఉంచడం, నీటిని కాపాడటం, జీవవైవిధ్యం, ప్రకృతి శోభ అనే నాలుగింటినీ అడవి చేసే సేవలుగా గుర్తించి, వాటికి భూయజమానికి ప్రతిఫలం ఇవ్వాలని నిర్ణయించింది. 1997 నుంచి చెల్లింపులు సాగుతున్నాయి. సొమ్ములో ప్రధాన భాగం పెట్రోలు, డీజిలు మీద వేసే పన్ను నుంచే వస్తుంది. పొగ వదిలేవారి నుంచి తీసుకుని చెట్టును నిలిపేవారికి ఇవ్వడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

ఒప్పందం కుదుర్చుకున్న రైతు తన అడవిలోకి పశువులను వదలకూడదు, వేటను, నిప్పును, దొంగ నరుకుడును అడ్డుకోవాలి. అటవీ నిపుణుడు స్వయంగా వచ్చి చూసి ధ్రువీకరిస్తేనే డబ్బు అందుతుంది. పొలం గట్లపై నాటిన మొక్కలకైతే చెట్టుకు ఇంత చొప్పున లెక్కగడతారు.

1980లలో బాగా కుంచించుకుపోయిన అడవి నేడు దేశంలో సగానికి పైగా విస్తరించింది. అయితే ఈ ఘనతంతా చెల్లింపులదే అనలేము, ఎందుకంటే అడవిని సాగుభూమిగా మార్చడాన్ని అదే చట్టం నిషేధించింది. పట్టా సరిగా లేని చిన్న రైతులకు తొలినాళ్లలో ఈ సాయం చేరకపోవడం మాత్రం పెద్ద లోపమే.