సీటు కంటే ముందు ఒక ఊరు చూసుకో

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాదాపూర్‌లో ఆరేళ్లుగా చేస్తున్న యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడే తీరును రూపొందించే) ఉద్యోగంలో జీతానికి లోటు లేకపోయినా, మనుషుల చేత ఇంకొక్కసారి బటన్ నొక్కించడానికే నీ నేర్పంతా ఖర్చవుతోందని రాశావు. ఉద్యోగం మానకుండానే, మనుషుల కష్టాలకు వాళ్లతో కలిసి పరిష్కారాలు రూపొందించే డిజైన్ ఫర్ సోషల్ ఇన్నొవేషన్‌లో విదేశీ విశ్వవిద్యాలయం నుంచి ఆన్‌లైన్ మాస్టర్స్ చేయాలనుకుంటున్నానని, యాభై రెండో ఏట నేను ఆ దారిలోనే వెళ్లాను కాబట్టి ఏది మంచిదో చెప్పమని అడిగావు. ఏ విశ్వవిద్యాలయం అన్న ప్రశ్నకు తరువాత వస్తాను. నాకు మొదట తెలియవలసింది నువ్వు ఏ ఊరిని, ఏ బస్తీని, ఏ మనుషులను దృష్టిలో పెట్టుకుని ఈ చదువుకు సిద్ధపడుతున్నావన్నది. నీ ఉత్తరంలో అది ఎక్కడా లేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, కళాశాలకు వెళ్లి డిజైన్ చదివేవారికి స్టూడియో ఉంటుంది. పక్క బల్ల మీద స్నేహితురాలు కత్తిరించిన అట్టముక్కలు కనిపిస్తాయి, అటుగా వెళ్తున్న ఉపాధ్యాయుడు ఆగి "ఇది ఎవరి కోసం?" అని అడుగుతాడు, ఆ ఒక్క ప్రశ్నతో వారం రోజుల పని దారి మారుతుంది. ఆన్‌లైన్‌లో ఆ స్టూడియో ఉండదు. కానీ దానికి బదులుగా, పరాయి నగరానికి తరలిపోయిన విద్యార్థికి దొరకని మేలు ఒకటి నీకు దొరుకుతుంది: నువ్వు నీ భాష మాట్లాడే మనుషుల మధ్యనే ఉంటావు. ఆ మేలును వాడుకోకుండా గదిలో కూర్చుని తెర మీద ఆలోచనలు రాసిన రంగు కాగితాలు అంటించే పనితోనే రెండేళ్లు గడిపితే, ఫీజు కట్టి చదివినదాంట్లో సగం కూడా నీకు దక్కదు. అందుకే దరఖాస్తు నింపకముందే, బస్సులో రెండు గంటల్లో చేరగలిగిన ఒక చోటును, అక్కడ నిన్ను రానిచ్చే ఒక బృందాన్ని వెతుక్కో. అది చేనేత సహకార సంఘం కావచ్చు, అంగన్‌వాడీ కేంద్రం కావచ్చు, మహిళా పొదుపు సంఘం కావచ్చు. ఆరు శనివారాలు అక్కడికి నోటుబుక్కు లేకుండా వెళ్లు. ఏడో శనివారం కూడా వెళ్లాలనిపిస్తేనే దరఖాస్తు పంపు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1958లో అమెరికా డిజైనర్లు ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబును ఎంతో గౌరవంగా పరిశీలించారు. ఎవరో ఒక్కరు కూర్చుని గీసిన వస్తువు కాదది, తరతరాలుగా ఎందరో చేతులతో, నడుములతో, నీళ్లతో సరిచూసుకుంటూ తీర్చిదిద్దిన రూపమని వారు గుర్తించారు. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. సామాజిక ఆవిష్కరణ అన్న పేరుతో ఇదొక చదువుగా నిలదొక్కుకున్నది మాత్రం ఇటీవలే: ఇటలీకి చెందిన డిజైన్ ఆచార్యుడు ఎజియో మాంజినీ 2009లో డెసిస్ అనే విశ్వవిద్యాలయాల కూటమిని ప్రారంభించారు, న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్ 2012లో ఈ పేరుతోనే మాస్టర్స్ మొదలుపెట్టింది.

అయితే ఈ విద్య సారమంతా మన దగ్గరే ఒకచోట కనిపిస్తుంది. యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం గురించి నువ్వు వినే ఉంటావు. పోచంపల్లి రకం పట్టుచీరకు రంగులద్దే ముందు, అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న కొయ్యల చుట్టూ పట్టు దారాన్ని అటూ ఇటూ చుట్టాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అలా ఆడించాలి, ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే మానిన ఆయన 1992లో పని మొదలుపెట్టి 1999 నాటికి యంత్రాన్ని పూర్తిచేశారు, దానికి తల్లి పేరే పెట్టారు. చీరకు నాలుగు గంటలు పట్టే పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇందులో నువ్వు గమనించవలసినది యంత్రాన్ని కాదు, ఆ ఏడేళ్లను. ఏ కోర్సులోనూ నీకు ఏడేళ్లు ఇవ్వరు, ఒక సెమిస్టర్‌లో పదిహేను వారాలు ఇస్తారు. పదిహేను వారాల్లో తల్లి భుజం నొప్పి తెలుసుకున్నంత దగ్గరగా ఎవరినీ తెలుసుకోలేం కాబట్టే, చదువుకు ముందూ తరువాతా కూడా నీకు ఆ మనుషులతో సంబంధం ఉండాలంటున్నాను.

దూరం నుంచి చూసి చేసిన పని ఎలా ఉంటుందో కూడా చెబుతాను. దక్షిణాఫ్రికాలో ప్లేపంప్ అనే ఏర్పాటు వచ్చింది. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నం తిరిగినప్పుడల్లా బోరులోంచి నీళ్లు పైకి రావాలన్నది ఆలోచన. విన్నవారందరికీ నచ్చింది, 2006లో అమెరికాలో దీనికి 16.4 మిలియన్ డాలర్ల సాయం ప్రకటించారు. కానీ పిల్లలు బడిలో ఉన్నప్పుడు ఆ రాట్నాన్ని తిప్పవలసి వచ్చింది అమ్మలూ, అమ్మమ్మలే. కొన్నిచోట్ల దానికోసం అంతవరకు బాగానే పనిచేస్తున్న చేతిపంపులను తీసేశారు. అనుకున్నంత మందికి నీళ్లందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో ఒక బ్రిటిష్ పత్రిక లెక్కవేసింది. మన దేశంలో 1983లో మొదలై 2002 దాకా సాగిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం కింద మూడు కోట్లకు పైగా పొగలేని పొయ్యిలు కట్టారు. చాలా ఇళ్లలో అవి ఏడాది రెండేళ్లకే మూలపడ్డాయి. ఎన్ని కట్టామన్న లెక్క రాసుకున్నారు గాని, ఏ గిన్నె పెడతారు, ఏ పుల్లలు దొరుకుతాయి, గొట్టం పగిలితే ఎవరు బాగుచేస్తారు అన్నది వంట చేసే మనిషిని అడిగినవారు తక్కువ.

ఇప్పుడు నా సంగతి. నా మాస్టర్స్ ప్రాజెక్టు అనంతపురం జిల్లాలో నేను అప్పటికే ఇరవయ్యేళ్లుగా తిరుగుతున్న పల్లెల్లో, బీపీ, షుగరు మాత్రలు వాడే వృద్ధుల కోసం చేసిన బొమ్మల కార్డు. చదువు రానివారికి అర్థమయ్యేలా ఉదయిస్తున్న సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు గీసి, ఒక్కొక్క బొమ్మ కింద ఆ పూట వేసుకోవలసిన మాత్ర పెట్టేందుకు చిన్న సంచి కుట్టించాను. తరగతిలో అందరూ మెచ్చుకున్నారు. ఊళ్లో మాత్రం పొద్దుటి మాత్రలు మిగిలిపోతున్నాయి. కారణం ఒక ఆశా కార్యకర్త చెప్పింది: కూలికి వెళ్లే ముసలమ్మలు చీకటితోనే ఇల్లు వదులుతారు, సూర్యుడు పొడిచేసరికి వాళ్లు చేలో, మాత్ర ఇంట్లో. "మా వాళ్లకు పూటంటే తిండేనమ్మా, పొద్దు కాదు" అన్నదామె. సూర్యుడిని తీసేసి సద్ది గిన్నె, సంగటి ముద్ద, రాత్రి కంచం గీశాం. అప్పుడు ఇంకో నిజం బయటపడింది. కొందరు రోజుకు రెండుసార్లే తింటున్నారు. దానికి కార్డులో చేయగలిగిందేమీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారితో మాట్లాడి, రెండు పూటలకు సరిపెట్టగలిగిన మందులను ఆయన చేత మార్పించవలసి వచ్చింది. డిజైన్ అంటే బొమ్మ కాదు, బొమ్మ వెనక ఉన్న ఏర్పాటు అని పుస్తకంలో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు, ఆ రోజున అర్థమైంది.

ఇక్కడితో ఆపితే నీకు నిజం పూర్తిగా చెప్పినట్టు కాదు. పట్టా వచ్చిన ఎనిమిది నెలలకు ఆ ఊరు మళ్లీ వెళ్లాను. కార్డులు అయిపోయాయి, సంచులు చిరిగిపోయాయి. మళ్లీ అచ్చువేయడానికి ఎవరి దగ్గరా పద్దు లేదు, ఎవరి బాధ్యతో నేను ముందుగా తేల్చలేదు. ఒక ముసలమ్మ మెత్తగానే అడిగింది: "నీ పరీక్ష కోసం చేసుకున్నావా అమ్మా?" ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. నువ్వు ఏ ప్రాజెక్టు తలపెట్టినా, నేను వెళ్లిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు, ఏ డబ్బుతో నడుపుతారు అన్న ప్రశ్నకు మొదటి నెలలోనే జవాబు రాసుకో. జవాబు దొరకకపోతే ప్రాజెక్టును చిన్నది చెయ్యి.

పల్లెలో పనిచేసేటప్పుడు రెండు విషయాలు బాగా గుర్తుంచుకో. మొదటిది, నువ్వు ముందుగా ఎవరింట్లో మంచినీళ్లు తాగావో ఊరంతా చూస్తుంది. సర్పంచి గారి అరుగు మీద కూర్చుని మొదలుపెడితే, వాడలోని ఆడవాళ్లు నీతో మాట్లాడేది వేరుగా ఉంటుంది, అసలు మాట్లాడకపోవచ్చు కూడా. రెండోది భాష. నీ పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, కాబట్టి మనుషులు చెప్పిన మాటలను కూడా నేరుగా ఇంగ్లీషులోనే రాసుకోవాలనిపిస్తుంది. అలా చేయకు. వాళ్లన్న మాట వాళ్లన్నట్టే తెలుగులో రాసుకుని, ఒక రాత్రి గడిచాక అప్పుడు అనువదించు. "సర్దుకుంటాం" అని ఒకావిడ అన్నప్పుడు, తాను ఒక పూట తినడం మానేసిందనో, కూతురి బడి మాన్పించిందనో అర్థం కావచ్చు. ఇంగ్లీషులో అది ఇబ్బంది లేదన్నట్టుగా మారిపోతుంది. విశ్వవిద్యాలయం పంపే అంగీకార పత్రం మీద వేలిముద్ర అడిగితే, ఏదో పథకం వస్తోందని ఆశపడేవారూ, ఆస్తి పోతుందేమోనని భయపడేవారూ ఉంటారు. పత్రం తీసే ముందు ఇది చదువు కోసమని, దీనివల్ల డబ్బు రాదని నోటితో స్పష్టంగా చెప్పు.

ఇక విశ్వవిద్యాలయం మాట. తరగతులు ప్రత్యక్షంగా జరుగుతాయా, ముందే తీసిన వీడియోలా అన్నది మొదట అడుగు. సాటివారి విమర్శ లేని డిజైన్ చదువు చదువే కాదు. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఆరుకు తరగతి అంటే మనకు వేసవిలో తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. లండన్‌లో అదే సాయంత్రం ఆరు మనకు వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. ఉద్యోగం చేస్తూ వారానికి రెండు రాత్రులకు మించి ఇది సాగదని నా అనుభవం. ఫీజు వాయిదాల్లో కడితే రూపాయి విలువ తగ్గిన మేరకు చివరి వాయిదా బరువెక్కుతుంది, దానికి కొంత డబ్బు పక్కన పెట్టు. సంస్థ ఆర్థిక స్థితి కూడా విచారించు: 1876 నాటి మూలాలున్న ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ 2024 మే 31న ప్రకటించి జూన్ 7న మూతపడింది, విద్యార్థులకు దొరికిన గడువు ఒక్క వారం.

గుర్తింపు గురించి నిష్కర్షగా చెబుతాను. 2025లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ డిగ్రీకి ఇక్కడి డిగ్రీతో సమానమని చెప్పే ధ్రువపత్రం కావాలంటే అది నేరుగా తరగతులకు హాజరై చదివినదై ఉండాలి. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగమో, అధ్యాపక పదవో, పీహెచ్‌డీయో నీ మనసులో ఉంటే విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ సరైన దారి కాదు. మన దేశంలో యూజీసీ అనుమతి పొందిన సంస్థలిచ్చే ఆన్‌లైన్ డిగ్రీకి మామూలు డిగ్రీతో సమాన విలువ ఉంటుంది, అనుమతి ఉన్నదీ లేనిదీ యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో నువ్వే స్వయంగా చూడు, ఏజెంటు మాట నమ్మకు. ఉద్యోగం మానడానికి సిద్ధపడితే ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం నీకు అందుబాటు దూరంలోనే ఉంది. ఏది ఎంచుకున్నా, ఫీజు కట్టకముందు ఐఐటీ బొంబాయి వారి డిజైన్ పాఠాల వెబ్‌సైటు డీసోర్స్‌లోని పాఠాలూ, ఐడియో డాట్ ఆర్గ్ అనే డిజైన్ స్వచ్ఛంద సంస్థ వారు ఉచితంగా ఇచ్చే క్షేత్ర మార్గదర్శిని చదివి, అందులోని ఒక పద్ధతిని నీ శనివారాల చోట ప్రయత్నించి చూడు. ఈ పట్టా చూపించగానే వచ్చే ఉద్యోగాలు మన దగ్గర తక్కువ, స్వచ్ఛంద సంస్థల్లో జీతం నీ ఇప్పటి జీతంలో చాలా తక్కువ భాగమే కావచ్చు. మీ అమ్మకు ఈ సంగతి ముందే చెప్పు, సీటు వచ్చాక చెబితే ఆవిడ బాధపడుతుంది.

దసరా సెలవుల్లో ఇక్కడికి రా. ఆశా కార్యకర్తల సమావేశం రోజున నిన్ను తీసుకెళతాను, వాళ్లు ఒప్పుకుంటే వెనక వరుసలో కూర్చుని విందువుగాని. వచ్చేటప్పుడు నీ దరఖాస్తు వ్యాసాన్ని తెలుగులో ఒక పేజీ రాసి తీసుకురా. దాన్ని ఆ ఆశా కార్యకర్తకు కూడా చదివి వినిపిద్దాం, ఆమె ఎక్కడ ఆపి ప్రశ్న అడుగుతుందో అక్కడ గుర్తుపెట్టుకో.

ప్రేమతో,
మీ అత్త