ఆ కొబ్బరి మోడు ఇప్పుడే కొట్టించకు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

కాలవ గట్టు మీద మొవ్వు ఎండిపోయిన కొబ్బరి మోడును ఈ వారంలోనే కొట్టించేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాస్త ఆగు నాయనా. ఫిబ్రవరి నుంచి జూలై దాకా వడ్రంగిపిట్టలు పిల్లల్ని చేసే కాలం. మన కోనసీమలో చెట్టు ఎండితే చాలు కొట్టేస్తాం, ఇక అవి తొర్ర తొలుచుకోవడానికి మాను ఎక్కడ దొరుకుతుంది చెప్పు?

ముందు మోడు మొదట్లో చూడు. తాజా చెక్కపొట్టు రాలి ఉంటే పైన తొలుస్తున్నట్టే. తర్వాత పొద్దున్నే దూరంగా కూర్చుని కనిపెట్టు. బంగారు రంగు వీపు, ఎర్ర జుట్టు ఉన్న పిట్ట వచ్చి మానుకి అతుక్కుని, కుదుపు కుదుపుగా పైకి పాకుతుంది. కొబ్బరికాయలు దింపే కార్మికుడికి చెట్టెక్కేటప్పుడు కాళ్లకి వేసుకునే బందం ఎలాగో దానికి తోక అలాగ: బిరుసు ఈకల్ని మానుకి ఆనించి నిలుస్తుంది. నుదుటి మీద నలుపులో తెల్ల చుక్కలుంటే అది ఆడది. గుండ్రటి కన్నంలోకి దూరి చాలాసేపటిదాకా బయటికి రాలేదంటే గుడ్లు పొదుగుతోందనుకో. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి.

లోపల గడ్డీ గాదం ఏమీ పరవదు. మామూలుగా మూడు తెల్లటి గుడ్లు, పదకొండు రోజుల్లో పిల్లలు. ఆ పిల్లలు ఎగరడానికి ఇంకో ఇరవై రోజులు. నువ్వు ఆగాల్సింది దాదాపు నెల, అంతే. ఈలోగా కన్నంలో చెయ్యి పెట్టకు, ఫోన్ లైటు వెయ్యకు. తొర్రలో పాము ఉన్నా ఉండొచ్చు.

కొబ్బరి మొవ్వుని తొలిచేసే కొమ్ముపురుగు గురించి నీ టెన్షన్ నాకు తెలుసు, అది న్యాయమైనదే. కుళ్లిన మానుల్లో, పెంటపోగుల్లోనే అది గుడ్లు పెడుతుంది. అందుకే తోటలో పడి ఉన్న దుంగల్ని, పాత పెంటని ముందు తీయించెయ్. మోడు సంగతి పిల్లలు ఎగిరిపోయాక చూద్దాం. అది ఇంటి మీదికో దారి మీదికో ఒరిగి ఉంటే మాత్రం ఆలోచించకుండా కొట్టించు, ముందు మనుషులు.

పిట్టలు వెళ్లిపోయాక కూడా ఒకసారి చూసుకో. పాత తొర్రల్లో గోరింకలు, రామచిలకలు, చిన్న గుడ్లగూబలు చేరుతుంటాయి. గొడ్డలి వేయించే ముందు మానుని కర్రతో గట్టిగా తట్టించు. ఏదైనా బయటికి ఎగిరితే అవీ ఖాళీ చేసేదాకా ఆగి కొట్టించు. దింపు కుర్రాళ్లకి కూడా ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచు, నువ్వు ఊళ్లో లేనప్పుడు వాళ్లే నరికేస్తారు.

మీ మావయ్య